టోపీ ఉన్నవీ లేనివీ

ఆర్డరు పుస్తకం ముందు పేజీల్లో
బాబిన్లు ఆరు డజన్లు, పద్నాలుగో నంబరు సూదులు,
తోలు బెల్టులు, దర్జీల బాకీలు.
వెనక నుంచి తిప్పితే పోస్టు డబ్బాలు.
రెండూ మధ్యలో ఎక్కడో గుద్దుకుంటాయి,
అప్పుడు కొత్త పుస్తకం కొంటాను.

మొదటిది పర్లాకిమిడి బజార్లో దొరికింది.
దొరకడమేమిటి, పదకొండేళ్లుగా దాని నెత్తిన చెయ్యేసి
బస్సు కోసం నిలబడ్డవాణ్ణే.
ఓ వాన మధ్యాహ్నం, ఏమీ తోచక, చూశాను.
పోత ఇనుము. గుండ్రం. నా రొమ్ము దాకా ఎత్తు.
నోటి మీద జల్లు పడకుండా చిన్న చూరు,
నెత్తిన అంచు మడిచిన టోపీ.
తలుపు అడుగున పోత పోసినవాడి పేరేదో ఉంది,
రంగు మీద రంగు పడి పూడిపోయింది.
బొటనవేలికి తగులుతుంది, కంటికి ఆనదు.
రాసుకున్నాను: గుండ్రం. టోపీ ఉంది.

(టోపీ పెట్టడమంటే నా వ్యాపారంలో వేరే అర్థం.
దానికి లెక్క రాయను.)

ఆ తర్వాత కళ్లు ఊరుకోలేదు.
కాశీనగర్ స్టేషన్లో గోడలోకి దిగేసిన పలక డబ్బా,
బయటికి కనబడేది నోరొక్కటే.
ఆకలేసిన గోడ.
గుణుపురంలో కరెంటు స్తంభానికి పట్టీతో బిగించిన రేకు డబ్బా,
మళ్లీ ఎప్పుడు తీస్తారో చెప్పే బిళ్ల
గురువారం మీద తుప్పు పట్టి ఆగిపోయింది.
పెచ్చులూడినచోట
గొడుగులు పట్టుకు నిలబడ్డ ఒడియా అక్షరాల కింద
తలకట్టు పెట్టుకున్న తెలుగు అక్షరం ఒకటి, సగం.
'త' అనుకున్నాను.
తపాలా కావచ్చు. తర్వాత కావచ్చు.

పద్మపురంలో కొట్టు గోడకి కొట్టిన డబ్బాకి వెనక రేకు లేదు.
వేసింది వేసినట్టు
దివాకర సాహు ఉల్లిపాయల బుట్టలో పడుతుంది.
"పోస్టుమేన్ వొస్తే ఏరిచ్చీనా ఏటి? నీకేటి బాధ?"
రాసుకున్నాను: పలక. అడుగున ఉల్లిపాయలు.

చూడ్డానికి అన్నీ ఎర్రగానే ఉంటాయి.
ఏది బతికుందో తెలియాలంటే ఒకటే దారి.
అర్ధరూపాయి కార్డులు కట్ట కొని
ఒక్కో డబ్బాలో ఒకటి, నా పేరుకే, నా లాడ్జి గదికే.
ఏం రాయాలో తెలియక దాని ఆనవాళ్లే రాశాను.
ఉల్లిపాయలది మూడో రోజుకే వచ్చింది, వాసనతో సహా.
గురువారంది సోమవారం వచ్చింది.
గోడ మాత్రం మింగింది మింగినట్టే ఉంది.

సెరంగో ఘాటులో ఓ మలుపు.
ఇల్లు లేదు, పాక లేదు, కుక్క కూడా మొరగలేదు.
అక్కడ నిండు పోత డబ్బా, పర్లాకిమిడి దాని కవలలా.
అంత బరువు ఆ కొండెక్కించింది ఎవరి భుజమో.
కార్డు మీద: గుండ్రం. టోపీ ఉంది. చుట్టుపక్కల ఎవరూ లేరు.
వేశాను. అడుగున తగిలిన చప్పుడు విన్నాను.
మరిచిపోయాను.

పద్నాలుగు నెలలకి వచ్చింది.
నా అక్షరాల కింద నీలం సిరా, వేరే చెయ్యి, ఒడియా.
మాట్లాడతాను గానీ చదవలేను.
మర్నాడు దర్జీ కూతురు సంజుక్త చేతికిచ్చాను.
మిషను ఆపి, కార్డు దీపం వైపు తిప్పి,
కూడబలుక్కుని,
"అక్షరాలు మాయే గానీ మాటలు మీయండి" అంది.
చదివింది:

బాబూ, గాలివానకి చెట్టు కూలి
టోపీ ఇరిగిపోనాది. దిద్దుకోండి.
తాళం బిగిసిపోయి ఇన్నాళ్లు తీయలేకపోనాను, తప్పు నాదే.
ఎవులూ లేరని రాసినారు.
నానున్నాను.
జుబేల్ రయితా, బ్రాంచి పోస్టుమాస్టరు.

మరోసారి చదవమన్నాను. చదివింది.
పుస్తకం తీసి టోపీ కొట్టేశాను.
తర్వాతి మాటలూ కొట్టేశాను.
గుండ్రం మిగిలింది.

సంజుక్త మళ్లీ మిషను తొక్కుతోంది.
బెల్టు జారుతోంది, కొత్తది కావాలంది.
రాసుకున్నాను.
ఏ వైపు పేజీల్లో రాశానో చూసుకోలేదు.